తినడం లేదని మమ్మల్ని తిట్టకండి: టీబీ విభాగం వారికి ఒక పాత పేషెంటు లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల టీబీ విభాగాల అధికారులకు, టీబీ యూనిట్లలో పనిచేసే డాక్టర్లకు, సూపర్‌వైజర్లకు, ఇంటింటికీ తిరిగే ఆశా అక్కలకు, పోషకాహార కిట్లు ఇచ్చే నిక్షయ్ మిత్రలకు,

నమస్కారం. నేను ఒక చిన్న పట్నంలో, ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతాను. 2024 ఫిబ్రవరిలో నాకు ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాను, తగ్గింది. మందులు పైసా ఖర్చు లేకుండా ఇచ్చారు, ఇంటికొచ్చి మాత్రలు వేసుకున్నానా లేదా అని అడిగారు, ఆ రుణం నేను మర్చిపోను. అయితే ఆ ఆరు నెలల్లో నన్ను దగ్గు కన్నా, సాయంత్రం జ్వరం కన్నా ఎక్కువ ఏడిపించిన విషయం ఒకటుంది. దాని గురించి మీలో ఒక్కరు కూడా నన్ను సరిగ్గా అడగలేదు. అది ఆకలి. ఆకలి వేయకపోవడం.

నెలరోజులు దగ్గుతూ తిరిగాను. పబ్లిక్ పరీక్షల సీజన్, సిలబస్ పూర్తి కాలేదన్న టెన్షన్, అందుకే తినబుద్ధి కావడం లేదనుకున్నాను. బెల్టుకు మేకుతో ఒక కొత్త బెజ్జం పెట్టుకున్నాను, ఇరవై రోజులకు ఇంకోటి. రెండో బెజ్జం పెట్టేటప్పుడు కూడా అనుమానం రాలేదంటే నా చదువు ఎంత గొప్పదో మీరే ఊహించుకోండి. 61 కిలోలు ఉండేవాణ్ణి, టీబీ తెమడ పరీక్ష ట్రూనాట్‌లో పాజిటివ్ వచ్చిన రోజు 46 ఉన్నాను. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ఆ ఎత్తుకు 52 కిలోలు ఉంటేనే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే అంకె, 18.5కి చేరుతుంది, అంటే కనీస గీత దగ్గరికి. నేను పదహారు చిల్లరలో ఉన్నాను.

ఇంట్లో పరిస్థితి చెప్తాను. అమ్మ తాలింపు పెడితే నేను వీధి అరుగు మీదకు వెళ్లిపోయేవాణ్ణి, ఇంగువ వాసన కడుపులో తిప్పేది. చిన్నప్పటినుంచి ఆ వాసనకే వంటింట్లోకి పరిగెత్తినవాణ్ణి నేను. పళ్లెంలో వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఆవకాయ. మొదటి ముద్ద బాగానే పోయేది. మూడో ముద్దకి గొంతు దగ్గర ఎవరో తలుపు వేసినట్టయ్యేది. నాలుగోది నోట్లో పెట్టుకుని, మింగడం చేతగాక, అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి తిప్పుతూ కూర్చునేవాణ్ణి. అమ్మ ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టేది. నేను తినకపోతే తనూ తినేది కాదు. చివరికి ఇంట్లో ఇద్దరం బరువు తగ్గాం, జబ్బు మాత్రం నాకొక్కడికే.

ఇక బయటివాళ్ల మాటలు. నేను మందులు తీసుకున్న చోట కౌంటర్లో ఒకాయన, పేరెందుకులెండి, నా బరువు చూసి "మందులు ఊరికే ఇస్తున్నాం, ఖాతాలో డబ్బులు వేస్తున్నాం, తినడానికి కూడా బద్ధకమేనా మాస్టారూ" అన్నాడు. వెనకాల క్యూలో పదిమంది ఉన్నారు. బంధువులొచ్చి "మనసు దిటవు చేసుకుని తినాలిరా అబ్బాయ్" అన్నారు. ఒక పెద్దాయన ఫోన్‌లో గంటసేపు మనోబలం గురించి చెప్పాడు, అంతసేపు ఫోన్ పట్టుకునే బలం కూడా లేదు నాకప్పుడు.

తమాషా ఏమిటంటే నేను ఏటా ఇంటర్ పిల్లలకు హార్మోన్ల పాఠం చెప్పేవాణ్ణే. ఆకలి హార్మోన్ల గురించి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్తాను. ఖాళీ కడుపు లోంచి గ్రెలిన్ అనే హార్మోన్ వస్తుంది, మెదడుకు "అన్నం పెట్టు" అని కబురు పంపుతుంది. తిన్నాక పేగుల చివరి భాగం నుంచి పీవైవై అనేది వస్తుంది, "ఇక చాలు, చెయ్యి కడుక్కో" అంటుంది. కొవ్వు కణాల్లోంచి లెప్టిన్ వస్తుంది, ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు లెక్క చెప్పే గుమస్తా అనుకోండి. నిల్వ తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, అప్పుడు ఆకలి పెరగాలి. ఇదీ పాఠం. నాలుగు మార్కుల ప్రశ్న.

మరి 15 కిలోలు తగ్గిన మనిషికి ఆకలి దంచెయ్యాలి కదా? నాకెందుకు వేయలేదు? మంచం మీద పడుకుని ఫోన్‌లో వెతికితే 2013లో వచ్చిన ఒక అధ్యయనం కనిపించింది. కొత్తగా టీబీ అని తేలిన 41 మందిని, ఆరోగ్యంగా ఉన్న 82 మందిని పోల్చి చూశారు. రోగుల్లో లెప్టిన్ తక్కువగా ఉంది, గ్రెలిన్ ఎక్కువగా ఉంది. అంటే ఒళ్లు తన వంతుగా "తిను, తిను" అని అరుస్తూనే ఉంది. కానీ వాళ్లలో పీవైవై కూడా ఎక్కువగా ఉంది. సరిగ్గా తిననే లేదు, అయినా విందు చేసి లేచిన వాడికి అందినట్టు "ఇక చాలు" కబురు అందుతూనే ఉంది. రోగుల ఆకలి ఎంతుందో చెప్పడానికి అన్నిట్లోకీ గట్టి గుర్తు ఈ పీవైవైయే అని తేలింది. మందులు మొదలయ్యాక, ముప్పయ్యో రోజున, అరవయ్యో రోజున మళ్లీ కొలిచారు. పీవైవై తగ్గుతూ వచ్చింది, ఆకలి పెరుగుతూ వచ్చింది. మొదట్లో పీవైవై మరీ ఎక్కువున్నవాళ్లకు ఆకలి తిరిగి రావడం కూడా తక్కువగానే ఉంది.

41 మంది చిన్న సంఖ్య, తెలుసు. దీని మీదే అంతా కట్టేయమని నేననను. కానీ ఇదొక్కటే కాదు. క్షయ క్రిములతో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే వాపు రసాయనాలు, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు, నేరుగా మెదడులోని ఆకలి కేంద్రం మీద పనిచేసి దాన్ని నొక్కేస్తాయి. ఈ టీఎన్‌ఎఫ్‌కి 1980లలో పెట్టిన ఒక పేరు కాకెక్టిన్, ఒంటిని కరిగించేది అని అర్థం వచ్చేలా. దానికి తోడు లెప్టిన్ తగ్గితే రోగనిరోధక కణాలు కూడా నీరసపడతాయి. తినకపోతే పోరాడే శక్తి తగ్గుతుంది, జబ్బు పెరిగితే తినే శక్తి తగ్గుతుంది. గానుగెద్దు తిరిగినట్టు అక్కడే తిరుగుతాం.

మన పెద్దవాళ్లు ఈ జబ్బుకు పెట్టిన పేరే క్షయ. క్షీణించిపోవడం. దక్షుడి శాపంతో చంద్రుడు రోజురోజుకీ కరిగిపోయిన కథ మనందరికీ తెలుసు. అసలు పేరులోనే బరువు తగ్గడం ఉన్న జబ్బుకు, మీరు నాకిచ్చిన కార్డులో తెమడ పరీక్షకు గడి ఉంది, మాత్రలకు గడులున్నాయి, బరువుకు ఒక గడి ఉంది. ఆకలికి గడి లేదు.

ఆ బరువు గడి సంగతి కూడా చెప్పాలి. మందు మోతాదు బరువును బట్టే కదా మీరు ఇచ్చేది. నాలుగు మందులు కలిపిన ఆ మాత్రలు 35 నుంచి 49 కిలోల వాళ్లకు రోజుకు మూడు, 50 నుంచి 64 వాళ్లకు నాలుగు. కాబట్టి కిలో తేడా కూడా లెక్కలోకి వస్తుంది. నా కార్డులో మొదటి నెల 46, రెండో నెల 46, మూడో నెల 46 అని రాశారు. మొదటిసారి తప్ప నన్ను ఎవరూ మిషన్ ఎక్కమనలేదు. పాత అంకె చూసి కొత్త గడిలో ఎక్కించారు, అంతే. రెండో నెల చివర నేనే కిరాణా కొట్లో బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకుంటే 48 ఉంది. కొట్టు శెట్టిగారు "మాస్టారూ, మీరు రెండు బియ్యం బస్తాలంత కూడా లేరు" అని నవ్వి, వెంటనే నాలిక కరుచుకున్నారు.

ఆ రెండు కిలోల విలువ నాకు తర్వాత తెలిసింది. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పెద్ద అధ్యయనం చేశారు, డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం, 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చింది. 2,800 మంది రోగులకు ఆరు నెలలపాటు ఇంటికే ఆహారం ఇచ్చారు, రోజుకు 1,200 క్యాలరీలు, 52 గ్రాముల ప్రొటీన్ వచ్చేలా. బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె, విటమిన్ మాత్ర. చికిత్స మొదలుపెట్టేనాటికి ఆ రోగుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు బీఎంఐ 18.5 కన్నా తక్కువున్నవాళ్లే, దాదాపు సగం మంది 16 కన్నా తక్కువ. రెండు నెలల్లో తమ బరువులో 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. బరువు పెరగడమే దానికి కారణమా, లేక తక్కువ జబ్బున్నవాళ్లే త్వరగా బరువు పెరిగారా అని ఒక జువాలజీ మాస్టారుగా నాకూ ప్రశ్న ఉంది. ఏదైనా కానీ, ఎవరు ప్రమాదంలో ఉన్నారో చెప్పే చవకైన పరికరం మీ దగ్గరుంది. దాని పేరు కాటా. 46 కిలోలకు 5 శాతమంటే 2.3 కిలోలు. నేను 300 గ్రాముల దూరంలో ఆగిపోయాను, మీ రికార్డులోనైతే ఒక్క గ్రాము కూడా పెరగలేదు. అంటే మీ లెక్క ప్రకారం నా గురించి ఎవరో ఒకరు కంగారు పడాల్సింది. ఎవరూ పడలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందా అని ఆలోచిస్తే నాకు మన పక్కనే, మద్రాసులో జరిగిన పని గుర్తొస్తుంది. 1950ల దాకా టీబీ అంటే శానిటోరియం, అంటే టీబీ వాళ్లను నెలల తరబడి ఉంచే ఆస్పత్రి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1912లో అలా పుట్టిందే. మందుల్లేని కాలంలో విశ్రాంతి, గాలి, తిండి, ఇవే వైద్యం. టీబీ మందుల మీద పరిశోధన చేసే మద్రాసు కీమోథెరపీ కేంద్రం వాళ్లు సగం మంది రోగులను శానిటోరియంలో పెట్టి, సగం మందికి ఇంటి దగ్గరే మందులిచ్చి పోల్చారు, 1959లో ఫలితాలొచ్చాయి. ఇంటి దగ్గర పేద తిండి తిన్నవాళ్లకు కూడా మందులతో క్రిములు దాదాపు అలాగే పోయాయి. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని చూసే శానిటోరియంలు మూసింది. పేదలకు అది ఎంత మేలు చేసిందో లెక్కలేదు, నేను కూడా ఉద్యోగం ఊళ్లోనే ఉంచుకుని ఇంటి దగ్గర మందులు వాడగలిగానంటే దాని పుణ్యమే. కానీ ఆ అధ్యయనంలోనే శానిటోరియంలో ఉన్నవాళ్లు ఎక్కువ బరువు పెరిగారు. ఆ సంగతి జనం మర్చిపోయారు. మందులుంటే చాలు, తిండి వాళ్ల ఇంటి విషయం అన్న ధోరణి కార్యక్రమంలో స్థిరపడిపోయింది. కేంద్రం నిక్షయ్ పోషణ్ యోజన పెట్టి టీబీ పేషెంట్లకు తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది 2018 ఏప్రిల్‌లో. అంటే మద్రాసు ఫలితం వచ్చిన దాదాపు అరవై ఏళ్లకు.

2024 నవంబరు నుంచి దాన్ని నెలకు 1,000 చేశారు. సంతోషం. నా కాలానికి 500 ఉండేది, మొదటి విడత నా ఖాతాలో పడేసరికి మూడో నెల వచ్చింది, అప్పటికి కాలేజీ వాళ్లు జీతంలో కోత కూడా మొదలుపెట్టారు. వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. అర లీటరు పాలకే సరిపోతుంది. అయినా వద్దనను. కానీ ఆ వెయ్యి పేషెంటు చేతికి అందాల్సింది మొదటి వారంలో, ఆటో పెట్టుకుని ఆస్పత్రికి తిరిగే రోజుల్లో, పని మానేసిన రోజుల్లో.

బీఎంఐ 18.5 కన్నా తక్కువున్నవాళ్లకు మొదటి రెండు నెలలు శక్తి ఎక్కువుండే పోషకాహారం కూడా ఇస్తామని కేంద్రం చెప్పింది. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. ఆ మొదటి రెండు నెలలే ఆకలి అడుగంటి ఉండే నెలలు. మీరు ఏ డబ్బా ఇస్తారో నిర్ణయించే ముందు, అది మూడు ముద్దలకు మించి తినలేని మనిషి గొంతు దిగేదేనా అని దయచేసి చూడండి. నాకు ఒక దాత ఇచ్చిన కిట్‌లో వెనిలా వాసన కొట్టే ప్రొటీన్ పౌడర్ ఉండేది. ఆ డబ్బా మూత తీస్తే చాలు వాంతి వచ్చేది, చివరికి మా పక్కింటి పిల్లాడు పాలల్లో కలుపుకుని తాగాడు. వాడు మాత్రం బాగా బలిశాడు. అదే కిట్‌లో అయిదు కిలోల బియ్యం. తిండి ఎక్కువ పరిమాణంలో తినలేకపోవడమే నా బాధ అయినప్పుడు బియ్యం నాకేం చేస్తుంది? మా అమ్మకు ఉపయోగపడింది, అది వేరే సంగతి, దాని దగ్గరికీ వస్తాను.

నాకు ఏది పనిచేసిందో చెప్తాను, అందరికీ ఇదే పనిచేస్తుందని కాదు. మా ఊరి ఆశా అక్క ఒక సాయంత్రం వచ్చి, పళ్లెం ముందు అమ్మా నేనూ మూతులు ముడుచుకుని కూర్చోవడం చూసి, "పెద్దమ్మా, పళ్లెం తీసెయ్. వీడికి రెండు గంటలకోసారి గుప్పెడంత పెట్టు. పల్లీ ఉండ ఒకటి, కాసేపాగి గుడ్డు, కాసేపాగి పాలల్లో రాగి జావ. తాలింపు వీధి తలుపు తీసి పెట్టు" అంది. అంతే. ముద్దల లెక్క ఆగిపోయింది. పెరుగన్నం చల్లగా ఉంటే పోయేది, వేడన్నం పోయేది కాదు. పల్లీలు, బెల్లం, నువ్వులు, నెయ్యి: చిన్న ఉండలో ఎక్కువ సత్తువ. షుగర్ ఉన్నవాళ్లకు ఈ బెల్లం కుదరదు, టీబీ వాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి అందరికీ ఒకే కిట్ కట్టి పంపడం కూడా సరి కాదు. ఆ అక్కకి హార్మోన్ల పేర్లు తెలియవు. కానీ నా మీద కోప్పడకుండా నా ముందున్న పళ్లెం మీద కోప్పడింది. మీ ట్రైనింగులలో ఆమె చేత ఒక గంట పాఠం చెప్పించండి, నేను వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను.

ఇంకో సంగతి, ఇది ప్రాణాల మీదకొచ్చేది. మందులు మొదలుపెట్టాక ఆకలి మెల్లగా తిరిగి రావాలి. కాస్త వచ్చినట్టే వచ్చి హఠాత్తుగా మళ్లీ పోయిందంటే, వాంతులు, కళ్లు పచ్చబడటం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే, అది మందుల వల్ల లివర్ దెబ్బతింటున్న గుర్తు కావచ్చు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద పడగలవి. రిఫాంపిసిన్‌కి మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, ఆ పేరు చెప్పుకుని కామెర్లను కూడా మామూలే అనుకునేవాళ్లున్నారు. అలాంటప్పుడు "తినాలయ్యా" అని మందలించి పంపేస్తే ఆ మనిషి ఇంటికెళ్లి ఏమవుతాడు? ఆ రోజే లివర్ పరీక్ష రాయాలి. నెలనెలా "ఆకలి ఎలా ఉంది, పోయిన నెల కన్నా ఎక్కువా తక్కువా" అన్న ఒక్క ప్రశ్న అడిగి కార్డులో రాస్తే ఇది దొరికిపోతుంది. దానికి కొత్త మిషన్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

తమిళనాడు 2022లో ఇంతకన్నా ముందుకెళ్లింది. టీబీ అని తేలగానే బీఎంఐ, కాళ్లవాపు, ఊపిరి వేగం, ఆక్సిజన్, ఆసరా లేకుండా నిలబడగలడా, ఇవి చూసి, మరీ కరిగిపోయినవాళ్లను వెంటనే ఆస్పత్రిలో చేర్చుకుని తిండితో సహా వైద్యం చేస్తున్నారు. పక్క రాష్ట్రమే కదా, రైలెక్కితే రాత్రికి చేరతాం. వాళ్ల ఫారం తెచ్చి తెలుగులోకి మార్చినా చాలు.

బరువు గురించి ఇంకొక్క ముక్క. నాలుగో నెలకు నా బుగ్గలు నిండాయి, అందరూ "కోలుకున్నావు" అన్నారు, కాలేజీ వాళ్లు రమ్మన్నారు. మూడో అంతస్తులో క్లాసు. రెండో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను, పిల్లలు చూస్తున్నారు. తర్వాత చదివితే తెలిసింది, చికిత్సలో మొదట తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే, కండ అంత త్వరగా రాదు. కాబట్టి కాటా మీద అంకె పెరిగింది కదా అని మమ్మల్ని సెంట్రింగ్ పనికో బస్తాల పనికో తోలేయకండి. "పనికి ఎప్పుడు పోవచ్చు" అని అడిగే పేషెంటుకు మీరిచ్చే జవాబు మీద ఒక కుటుంబం ఆధారపడి ఉంటుంది.

బియ్యం సంగతికొస్తాను. కిట్ ఇస్తే ఇంట్లో అందరూ తినేస్తున్నారు, పేషెంటు నోట్లోకి పోవడం లేదని మీటింగుల్లో ఫిర్యాదుగా చెప్పుకుంటారని విన్నాను. తింటారు మరి. మా అమ్మ తినకుండా నా ఒక్కడికి వండి పెట్టగలదా? అదే జార్ఖండ్ అధ్యయనంలో ఇంట్లోవాళ్లకు కూడా విడిగా ఆహారం ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కాబట్టి బియ్యం పప్పు ఇంటికి ఇవ్వండి, గుడ్డు, పాలు, ఉండలు పేషెంటుకు ఇవ్వండి, రెండూ రెండు అవసరాలని ఒప్పుకోండి. నిక్షయ్ మిత్రలకు నాదొక మనవి. ఇచ్చేటప్పుడు బ్యానర్ కట్టి, వరసలో నిలబెట్టి, ముఖం కనపడేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. నా ఫొటో నా స్టూడెంట్ల గ్రూపుదాకా వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పెరుగన్నం కూడా దిగలేదు, దానికి ఏ హార్మోన్ కారణమో నేను చెప్పలేను.

ఇప్పుడు నా బరువు 59. బెల్టు పాత బెజ్జానికొచ్చింది, మేకుతో పెట్టిన రెండూ అలాగే ఉన్నాయి. మొన్న మా కొలీగ్‌ని తెమడ పరీక్షకు తీసుకుని అదే ఆస్పత్రికి వెళ్లాను. బరువు మిషన్ అదే మూలనుంది. దాని మీద ఎవరూ ఎక్కలేదు, ముల్లు మాత్రం కిలోన్నర దగ్గర నిలబడి ఉంది. సిస్టర్‌కి చూపించాను, "రిపేరుకి రాశామండీ" అన్నారు. ఈ లేఖలో మిగతాదంతా ఆలోచించి చేయండి, ఆ ముల్లును మాత్రం ఈ వారంలో సున్నా మీదకు తెప్పించండి.

ఇట్లు,
మీ కార్డులో మూడు నెలలు 46 కిలోలుగానే ఉండిపోయిన ఒక పాత పేషెంటు